ఎనిమిది నెలల వైద్యుడు

ఎనిమిది నెలలు కష్టపడి పెంచిన వైద్యుణ్ణి నా చేతుల్లోంచి తీసి ఇంకొకరికి ఇచ్చేశారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. తర్వాత "ఆటే కదా" అంటారు. అలా అన్నవాళ్ళందరూ నాకు గుర్తున్నారు. ఎక్కడ నిలబడి అన్నారో కూడా గుర్తుంది. ఒకాయన మా పెద్దమ్మ కొడుకు పెళ్ళిలో, చేతిలో ఐస్‌క్రీం కప్పు పట్టుకుని అన్నాడు. అందుకే ఈసారి నోటితో చెప్పకుండా రాస్తున్నాను. నవ్వినా నాకు వినపడదు.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతం. మాది జగ్గయ్యపేట. బజారులో మాకు మందుల షాపు ఉండేది. నేను నందిగామలో డిగ్రీ చదివేవాణ్ణి. పొద్దున్నే పాసు మీద బస్సెక్కితే చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి ముప్పావు గంటలో దింపేది. ఒంటిగంటకు క్లాసులు అయిపోయేవి. ఐదింటికి ఇంటికొచ్చి షాపులో నిలబడాలి. ఆ మధ్య సమయం ఏం చేస్తున్నావని మా నాన్న ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ గంటలన్నీ నందిగామలో ఒక జిరాక్సు షాపు మేడ మీదున్న ఇంటర్నెట్ సెంటర్లో గడిచాయి.

ఎనిమిది కంప్యూటర్లు, ఒక్కోదానికీ మధ్య ప్లైవుడ్ అడ్డు. మౌసు కదలకపోతే అడుగున బంతి తీసి గోరుతో మట్టి గీకి మళ్ళీ పెట్టుకోవాలి. సెంటరు నడిపే ఆయన అంతకుముందు ఎస్టీడీ బూతు పెట్టినవాడు. మాటకు ముందొకటి, వెనకొకటి దగ్గేవాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాణ్ణి.

అక్కడ ఒక జట్టు ఉండేది. నలుగురు. వీరులపాడు వైపు నుంచి బండి మీద వచ్చే ఆయన నాయకుడు. మాకంటే ఐదారేళ్ళు పెద్ద, పొలాలున్న ఇల్లు, చదువు ఆపేశాడు. ఆయన్ని అన్న అనేవాళ్ళం. ఇంకో ఇద్దరు అన్నదమ్ములు. నాలుగోవాడు నా క్లాసువాడు, ఏడాదిగా నా పక్క బెంచీలో కూర్చుంటూ పట్టుమని పది మాటలు మాట్లాడనివాడు. నన్ను ఆ మేడ ఎక్కించింది అతనే. "మాకు ఒకడు తక్కువ. వస్తావా?" అన్నాడు. అంతే.

వాళ్ళు ఆడే ఆట ఇంటర్నెట్ మీద ప్రపంచమంతా కలిసి ఆడేది. అడవులు, గనులు, సమాధుల గుహలు, వాటి నిండా రాక్షసులు, దయ్యాలు. ఆడేవాడు ఒక వేషం ఎంచుకోవాలి. కత్తి పట్టేవాడు, విల్లు పట్టేవాడు, మంత్రగాడు, వైద్యుడు. వైద్యుడి చేతిలో ఒక కర్ర ఉంటుంది. దానితో కుందేలు కూడా చావదు. అతని పని పక్కవాళ్ళ ప్రాణం నిలబెట్టడం. ఒక మీట నొక్కితే చేతిలోంచి తెల్లటి వెలుగు వెళ్ళి ఎదుటివాడి మీద పడుతుంది, తగ్గిన ప్రాణం తిరిగి పెరుగుతుంది. దాన్ని హీల్ అంటారు.

"నీది మందుల షాపు కదా. ఇంకేంటి, వైద్యుడివి నువ్వే," అన్నాడు అన్న.

"నాకు విల్లు కావాలన్నా."

"విల్లు మావాడి దగ్గరుంది. కూర్చో డాక్టరు గారూ, పేషెంట్లు ఎదురుచూస్తున్నారు."

అన్నదమ్ములు నవ్వారు. నా క్లాసువాడు నవ్వలేదు. ఆ రోజు అది అతని మంచితనం అనుకున్నాను.

"మెయిల్ ఐడీ ఉందా?" అని అడిగాడు అన్న.

"లేదన్నా."

"సర్లే, నా మెయిల్ మీద చేసిస్తా."

రెండు నిమిషాల్లో తన మెయిల్‌తో ఖాతా తెరిచి, పాస్‌వర్డు అందరికీ వినబడేలా చెప్పాడు. నేను దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. ఆయన నాకు ఉపకారం చేస్తున్నాడనే అనుకున్నాను. థాంక్స్ అన్నా అని కూడా అన్నాను.

ఈ ఆటలో లెవెల్ పెరగాలంటే చంపాలి. చంపినవాడికి ఎక్స్‌పీ, అంటే అనుభవం, వస్తుంది, అది నిండితే లెవెల్ పెరుగుతుంది. వైద్యుడు చంపలేడు కాబట్టి జట్టులో ఉండి వాళ్ళు చంపినదాంట్లో వాటా తీసుకోవాలి. కానీ లెవెళ్ళ తేడా పది దాటితే వాటా రాదు. వాళ్ళు వారం తిరిగేసరికి పదిహేను దాటారు. నేను కర్రతో కుందేళ్ళను కొడుతూ నాలుగులో ఉన్నాను. నాకు వాటా లేదు. వాటా లేదు కాబట్టి ఇంకా వెనకబడ్డాను. "కాస్త పెరిగి రా, తీసుకెళ్తాం," అన్నాడు అన్న. ఎలా పెరగాలో చెప్పలేదు. ఈ నియమం ఏ దేశంలో ఎవరు పెట్టారో తెలియదు కానీ వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

నెల తర్వాత ఎలాగో పదికి చేరాను. మొదటిసారి నన్ను గనిలోకి తీసుకెళ్ళారు. అక్కడ జరిగింది చెప్పేముందు మా షాపు సంగతి చెప్పాలి.

మా నాన్న నలభై ఏళ్ళు మందులమ్మాడు. ఎవరికీ ఎప్పుడూ "మళ్ళీ రండి" అనలేదు. మందుల షాపువాడు ఆ మాట అనకూడదు. అలాగే, అడగకుండా మందు ఇవ్వకూడదు. మనిషి ఎదురుగా నిలబడి విడవకుండా దగ్గుతున్నా సరే, తలనొప్పి మాత్రలకు వచ్చినవాడికి తలనొప్పి మాత్రలే. దగ్గు సంగతి వాడు నోరు తెరిచి చెబితేనే మనం సీసా తీయాలి. మనంతట మనం చెయ్యి చాపి ఇస్తే వాడికి ఆ జబ్బు రావాలని కోరినట్టు అనేవాడు నాన్న. నేను తొమ్మిదో తరగతి నుంచీ ఆ కౌంటరు దగ్గర నిలబడ్డాను. అడిగేదాకా ఆగడం నా ఒంట్లోకి వచ్చేసింది.

గనిలో నా క్లాసువాడు ముందు నడిచాడు. జట్టులో దెబ్బలు కాచుకోవడం అతని పని. పెద్ద డాలు, ఇనప తొడుగు. ముగ్గురు రాక్షసులు అతని మీద పడ్డారు. తల మీదున్న ఎర్ర గీత తగ్గడం మొదలైంది. నా వేలు హీల్ మీట మీదే ఉంది. గీత సగానికి వచ్చింది. మామధ్య ఒక్క ప్లైవుడ్ చెక్కే అడ్డం. అతను ఊపిరి తీయడం నాకు వినబడుతోంది. అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని చూస్తున్నాను. పావుకి వచ్చింది. అతను అడగలేదు. పడిపోయాడు. అతని వెనక అన్నదమ్ములు, ఆ తర్వాత అన్న, చివరికి నేను. అందరికీ ఆ రోజు సంపాదించిన ఎక్స్‌పీ పోయింది.

అన్న కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "హీల్ ఎందుకు వెయ్యలేదురా?"

"అడగలేదు కదన్నా."

మూలన పాటలు ఎక్కించుకుంటున్నవాళ్ళు కూడా నవ్వారు.

"అడగలేదంట! ఒరేయ్, చచ్చేవాడు చీటీ రాసివ్వాలంటరా నీకు?"

"డాక్టరు గారికి ముందు టోకెన్ తీసుకోవాలన్నా," అన్నాడు అన్నదమ్ముల్లో చిన్నవాడు.

ఆ రోజు నుంచి నాకు అదే పేరు. మెట్లెక్కుతుంటే "అడగలేదు గారు వచ్చారు" అనేవాళ్ళు. నాలుగు నెలలు ఆ పేరుతోనే పిలిచారు. నేను నాన్న మాట గురించి వాళ్ళకు చెప్పలేదు. చెబితే దాన్నీ నవ్వేవాళ్ళు.

నేను మాత్రం ఆ తప్పు రెండోసారి చేయలేదు. గీత సగానికి రాకముందే హీల్ వేయడం నేర్చుకున్నాను. ఇంకొంత కాలానికి గీత చూడనక్కర్లేకపోయింది. నా క్లాసువాడు ముందుకు దూకేముందు స్పేస్ బార్ రెండుసార్లు కొట్టేవాడు. ఆ కీబోర్డులో అది కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి కదిలేది. దెబ్బ తగిలేలోపు వెలుగు అతని మీద ఉండేది. ఆ తర్వాత అతను నా వల్ల ఒక్కసారి కూడా చావలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు. ముందు ముందు దీన్ని గురించి ఒక ప్రశ్న వస్తుంది, అందుకని చెబుతున్నాను.

లెవెల్ పెంచే దారి కూడా నాకు నేనే కనుక్కున్నాను. ఒకరోజు సమాధుల గుహలో నా క్లాసువాడి మీద వేయబోయిన హీల్ చెయ్యి జారి అతని ముందున్న దయ్యం మీద పడింది. దయ్యం భగ్గుమని కాలిపోయింది. నా ఎక్స్‌పీ గీత కంటికి కనబడేంత కదిలింది. బతికున్నవాడికి ప్రాణం పోసే వెలుగు చచ్చినదాన్ని కాలుస్తుంది. అన్నకు చెప్పాను.

"దయ్యాలకి వైద్యం చేస్తాడంటరా వీడు!" అన్నాడు. అంతటితో ఆ చర్చ అయిపోయింది.

వాళ్ళు రెండింటికి వచ్చేవాళ్ళు. నేను తిండి మానుకుని ఒంటిగంటా పదికే మెట్లెక్కి ఒక్కణ్ణే గుహలోకి వెళ్ళేవాణ్ణి. మా షాపుకు వచ్చే మందుల కంపెనీ ఏజెంటు ఇచ్చిన డైరీ ఒకటి ఉండేది. ప్రతి పేజీ పైనా బీపీ ఎంతుండాలో అచ్చువేసి ఉంటుంది. దాని కింద నేను నా పరిశోధన రాశాను. ముసలి దయ్యానికి మూడు హీల్స్. సంకెళ్ళ దయ్యానికి ఐదు, కానీ దానికి వచ్చే ఎక్స్‌పీ రెండింతలు, కాబట్టి దాన్నే వెతకాలి. మెట్ల పక్కన ఎడమ స్తంభానికి ఆనుకుని నిలబడితే అవి ఒక్కొక్కటిగా వస్తాయి, చుట్టుముట్టవు. మంత్రశక్తి అయిపోతే నిలబడి ఎదురుచూడకూడదు, కూర్చోవాలి, కూర్చుంటే సగం సేపట్లో నిండుతుంది. లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చే పాయింట్లన్నీ బుద్ధి మీదే పెట్టాలి.

ఈ ఆఖరి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి పన్నెండు లెవెళ్ళ పాయింట్లు ఒంటి బలం మీద పెట్టాను. "బలం లేకపోతే ఒక్క దెబ్బకే పోతావురా" అని అన్న చెప్పాడు కనుక పెట్టాను. ఒకసారి పెట్టినవి తిరిగి తీయడం కుదరదు. ఆ వైద్యుడు చివరిదాకా ఆ బరువు మోశాడు.

ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు తీసేవాళ్ళు. బాబాయ్ ఇన్వర్టర్ మీద మూడు కంప్యూటర్లే నడిచేవి. ఆ మూడూ ఎవరికో ఎవరూ మాట్లాడుకోలేదు. అన్న, అన్నదమ్ములు కూర్చునేవాళ్ళు. నేనూ నా క్లాసువాడూ వాళ్ళ కుర్చీల వెనక నిలబడి చెమటలు కక్కుతూ వాళ్ళ తెరలు చూసేవాళ్ళం. అతను ఏమీ అనేవాడు కాదు. నేను అన్నాను, రెండుసార్లు. "అంత తొందరైతే మీ ఊళ్ళో ఆడుకో," అన్నాడు పెద్దవాడు.

అయినా ఎనిమిదో నెలలో నా వైద్యుడు అరవైకి చేరాడు. అరవైలో వైద్యుడు, విద్యల పాయింట్లు దాచుకుని ఉంటే, ఒక విద్య నేర్చుకోవచ్చు, పడిపోయినవాణ్ణి పడిన చోటే లేపే విద్య. మొదటిసారి దాన్ని వాడింది నా క్లాసువాడి మీదే. గుహ అడుగు అంతస్తులో అందరం ఒకేసారి దెబ్బతిన్నాం. అతను పడ్డాడు. నేను లేపాను. అతను లేచి నిలబడి డాలు ఎత్తాడు, మిగిలినవి చంపాడు. అప్పుడు ప్లైవుడ్ చెక్క పక్క నుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు. "బాగుందిరా," అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆ జట్టులో ఎవరైనా నాకు చెప్పిన మంచి మాట అదొక్కటే.

పది రోజుల తర్వాత ఒంటిగంటా పదికి వెళ్ళి కూర్చుని పాస్‌వర్డు కొట్టాను. తప్పు అని వచ్చింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పు. మూడో కేబిన్లో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. అతని తెర మీద ఆకుపచ్చ అంగీ వేసుకున్న నా వైద్యుడు ఊరి గోడకు అడ్డంపడి నడుస్తున్నాడు. గోడ అవతలికి దారెలాగో తెలియక మళ్ళీ మళ్ళీ గోడనే గుద్దుకుంటున్నాడు.

"అది నాది," అన్నాను.

అతను తల తిప్పి చూశాడు. "ఇది బావది గదా? బావనే ఇచ్చిండు."

ఖమ్మం వైపు నుంచి వచ్చిన అన్న మేనమామ కొడుకు. నెల రోజులు ఉండటానికి వచ్చాడు. మొదటి లెవెల్ నుంచి ఆడే ఓపిక లేదట. అన్న రెండింటికి వచ్చేదాకా అతని వెనకే నిలబడ్డాను. ఆ లోపల నా వైద్యుడు రెండుసార్లు చచ్చాడు.

"ఐడీ నాదిరా," అన్నాడు అన్న, బండి తాళం వేలికి తిప్పుకుంటూ. "ఆడుకోడానికి నీకిచ్చా. ఇప్పుడు మావాడు ఆడుకుంటాడు. నువ్వింకోటి చేసుకో. నీకు తెలుసుగా ఎలా పెంచాలో."

మిగతా మాటలకంటే ఆ చివరి మాటే నాకు ఎక్కువ తగిలింది.

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చేతకాదు. బాబాయ్ దగ్గరికి వెళ్ళి దీన్ని పదిమందిలో పెట్టమని అడిగాను. ఆయన ముందు నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. శనివారం మధ్యాహ్నం ప్రింటరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. పొలం గట్టు తగాదా తీర్చడానికి పెద్దమనుషులు కూర్చున్నట్టే కూర్చున్నాం. అన్న, అన్నదమ్ములు, నా క్లాసువాడు, నేను. మేనమామ కొడుకు మాత్రం లేచి రాలేదు, ఆడుతూనే ఉన్నాడు.

"మెయిలు ఎవరిది?" అన్నాడు బాబాయ్.

"నాది," అన్నాడు అన్న.

"ఆడింది?"

నేను డైరీ ఇచ్చాను. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. "అబ్బో, దయ్యాల జాతకాలన్నీ రాశావయ్యా," అన్నాడు. ఆయన వెటకారం చేయలేదు. నిజంగానే చదివాడు.

"నోట్సు రాసుకుంటే సొంతమైపోద్దా బాబాయ్?" అన్నాడు అన్న. "కౌలుకి చేసేవాడు కూడా ఎన్ని ఎరువు కట్టలేశాడో, ఎన్ని తడులిచ్చాడో రాసుకుంటాడు. పట్టా ఎవరి పేరునుంటే పొలం వాళ్ళది. ఏమంటావ్?"

బాబాయ్ అన్నదమ్ములను అడిగాడు. వాళ్ళు అన్న ఎలా చెబితే అలా అన్నారు. వాళ్ళ దగ్గర నేను ఇంకేమీ ఆశించలేదు. తర్వాత ఆయన నా క్లాసువాడి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవయ్యా. ఎప్పుడూ ఈ అబ్బాయి పక్కనే కూర్చుంటావు. ఆ వైద్యుణ్ణి పెంచింది ఇతనేనా?"

అతను ప్రింటరు వైపు చూశాడు. అందులోంచి సగం వచ్చి ఆగిపోయిన కాగితం ఒకటి వేలాడుతోంది.

"నాకు తెలీదండి. నేను నా స్క్రీను చూసుకుంటా కదా."

నేను అతన్నే చూస్తున్నాను. అతను నన్ను చూడలేదు. బాబాయ్ రెండుసార్లు దగ్గి, మెయిలు ఎవరిదైతే వాళ్ళదేనయ్యా, నేను మాత్రం ఏం చెయ్యను అన్నాడు. డైరీ నా చేతిలో పెట్టాడు. నేను లేచి మెట్లు దిగాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

నా క్లాసువాడి తండ్రి అన్న వాళ్ళ పొలమే కౌలుకు చేస్తాడని ఆ తర్వాత తెలిసింది. అతను రోజూ ఇంటికి వెళ్ళేది అన్న బండి మీదే. కారణం తెలిస్తే కోపం పోతుందని కొందరంటారు. నాకు పోలేదు. కౌలు సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. తన ఎర్ర గీతను ఇన్నాళ్ళూ నిలబెట్టిన వైద్యుణ్ణి పెంచిందెవరని అడిగారు. దానికి జవాబు అతనికి తెలుసు. కాలేజీలో నేను బెంచీ మార్చుకుని అతనితో మాట మానేశాను.

మా ఊళ్ళో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో రెండు కంప్యూటర్లు ఉండేవి. పరీక్ష ఫలితాలు, హాల్ టికెట్ల కోసం తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను అక్కడ కూర్చుని సొంతంగా మెయిలు తెరిచాను. పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మళ్ళీ వైద్యుణ్ణే ఎంచుకున్నాను. ఇప్పుడు విల్లు తీసుకోవచ్చు, అడ్డుపెట్టేవాళ్ళు లేరు. కానీ అలా చేస్తే వాళ్ళు అన్నది నిజమవుతుంది, ఆ వైద్యుడు నాది కాదని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఈసారి ఒక్క పాయింటు కూడా బలం మీద పెట్టలేదు. ఒక్క కుందేలునూ కొట్టలేదు. ఎనిమిదో లెవెల్ వరకు ఆటలోని ఊళ్ళో వాళ్ళిచ్చే చిన్న చిన్న పనులు చేసి, తొమ్మిదిలోనే గుహ మెట్ల దగ్గర స్తంభానికి ఆనుకున్నాను. ఎప్పుడు పై అంతస్తు వదలాలో, ఎప్పుడు కింది అంతస్తుకు దిగాలో డైరీలో ఉంది. జట్టు లేదు కాబట్టి ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఎవరికీ వాటా పంచక్కర్లేదు. సంకెళ్ళ దయ్యం, ఐదు హీల్స్, కూర్చోవడం, లేవడం. బయట స్టూడియోలో ఆయన పాస్‌పోర్టు ఫోటోలకు "గడ్డం కొంచెం పైకి" అంటూ ఉండేవాడు. నాకు వినబడే మనిషి గొంతు అదొక్కటే. ఎనిమిది నెలల పని పదకొండు వారాల్లో అయింది.

అరవై దాటిన వారానికే నా క్లాసువాడు వచ్చాడు. ఆటలోకి. గుహలో నేను నిలబడే చోటికి డాలు పట్టుకుని నడుచుకుంటూ వచ్చి ఆగాడు. ఆ రోజుల్లో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళం.

"నేను," అని కొట్టాడు.

"తెలుసు."

"నిన్ను వెతకడానికి నాలుగు రోజులు పట్టింది."

అతను మెట్ల వైపు తిరిగి కిందికి దిగాడు. నేను వెనకే దిగాను. ఎందుకు దిగానో చెప్పలేను. అతను దయ్యాల్ని లాక్కొచ్చాడు, నేను అతన్ని కాచుకున్నాను. స్పేస్ బార్ చప్పుడు లేదు, మామధ్య ముప్పై కిలోమీటర్ల హైవే ఉంది. కళ్ళతో చూసుకుంటూ చేయాల్సి వచ్చింది. అయినా నా చెయ్యి తప్పలేదు. అరగంట అలా గడిచింది. ఆ అరగంట నాకు బాగుందని ఒప్పుకుంటాను.

కింది అంతస్తులో ఒక మూల ఆగాం. నా మంత్రశక్తి అడుగంటింది. కూర్చున్నాను.

"ఆ రోజు చెప్పాల్సింది," అని కొట్టాడు. "పెంచింది నువ్వే. నాకు తెలుసు."

అన్ని వారాలుగా నేను వినాలనుకున్న మాట అదే. ఆ గుహలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. నేను ఆ మాటను రెండుసార్లు చదివాను.

"అక్కడ చెప్పు. వాళ్ళందరి ముందు," అని కొట్టాను.

అతను కదల్లేదు. ఏదో కొడుతున్నాడనుకున్నాను. కొట్టలేదు. అలా నిలబడి ఉండగానే వెనక సందులోంచి నాలుగు సంకెళ్ళ దయ్యాలు వచ్చాయి. అతను తిరిగేసరికే గీత సగం పోయింది. నా దగ్గర ఒక్క హీల్‌కు సరిపడా శక్తి ఉంది. అది వేశాను. చాలలేదు. పడిపోయాడు. అవి నా వైపు రాకుండా గోడ చాటుకు జరిగి, శక్తి నిండాక ఒక్కోదాన్నీ కాల్చి అతని దగ్గరికి వచ్చాను.

"లేపు," అని కొట్టాడు.

"రాదు."

"రాదా, లేపవా?"

నిజానికి రాదు. లేపే విద్య నేర్చుకోవాలంటే పది విద్యల పాయింట్లు ఖర్చు పెట్టాలి. ఆ పదీ దయ్యాల్ని కాల్చే వేగం మీద పెట్టేశాను. ఒంటరిగా పెరిగేవాడికి ఇంకొకణ్ణి లేపే విద్య ఎందుకు? పదకొండు వారాల్లో అరవై దాటింది అలాంటివన్నీ వదిలేస్తేనే. ఈ ముక్క అతనికి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. నేను చెప్పలేదు. చెప్పాల్సిన మాట ముందు అతని దగ్గర బాకీ ఉందనిపించింది.

పడిపోయినవాడు ఊరికి తిరిగి వెళ్ళే మీట నొక్కేదాకా అక్కడే పడి ఉండొచ్చు. అతను నొక్కలేదు. నేను పక్కన కూర్చున్నాను. స్టూడియో ఆయన లోపలికి తొంగి చూసి, "బాబూ, ఈ అమ్మాయి ఇంటర్ రిజల్ట్ చూసుకోవాలంట, ఐదు నిమిషాలు లే," అన్నాడు. లేచాను. ఆమె పాసయింది. నేను మళ్ళీ కూర్చునేసరికి గుహలో అతను లేడు.

నందిగామలో ఈ కథ వేరేలా తిరిగింది. అతన్ని నేనే పిలిచి, కిందికి తీసుకెళ్ళి, దయ్యాల మధ్య వదిలేసి, లేపమంటే లేపకుండా పక్కన కూర్చుని చూశానట. అన్నదమ్ముల్లో చిన్నవాడు మా కాలేజీ గేటు దగ్గర నా ముఖం మీదే అన్నాడు, "అంత కక్ష పనికిరాదురా." నా క్లాసువాడే అలా చెప్పాడో, వీళ్ళే అల్లుకున్నారో నాకు తెలియదు. నేను కాదని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

డిగ్రీ అయ్యాక మూడేళ్ళకు ఒక మధ్యాహ్నం నందిగామ బస్టాండులో నా క్లాసువాడు కనిపించాడు. ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తున్నానన్నాడు. జుట్టులో తెల్లటి దుమ్ము.

"ఏరా, బాగున్నావా?"

"బాగున్నా."

"ఆడుతున్నావా ఇంకా?"

"మానేశా. నువ్వు?"

"నేనెప్పుడో మానేశా. నువ్వు పోయాక ఎక్కడ ఆడాం? ఆ ఖమ్మం వాడు హీల్ వేసేసరికి నేను చచ్చి ఊళ్ళో లేచేవాణ్ణి." నవ్వాడు. నేను కూడా నవ్వాననుకుంటాను. తర్వాత అతను చొక్కా దులుపుకుంటూ, "ఇంకా కోపమేనా?" అన్నాడు. "ఆ రోజు గుహలో చెప్పా కదరా నీకు."

"నాకు చెప్పావు. నాకు ముందే తెలుసు."

నేను సెంటరు వైపు చెయ్యి చూపించాను. "బాబాయ్ ఇప్పుడు అక్కడే సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు. ఇందాక చూశా, కూర్చునే ఉన్నాడు. ఐదు నిమిషాలు. వచ్చి ఆయనకొక్కడికి చెప్పు. చాలు."

"ఇప్పుడా? ఆయనకసలు గుర్తుంటదా?"

"నేను గుర్తుచేస్తా."

అతను నా ముఖం చూశాడు. జోక్ చేస్తున్నానేమో అని చూశాడు. ఈలోపు జగ్గయ్యపేట బస్సు వచ్చింది. అతను వెళ్ళాల్సిందీ నేను వెళ్ళాల్సిందీ అదే. "ఎక్కు ఎక్కు, సీట్లున్నాయి," అంటూ అతను ఎక్కేశాడు. కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద చెయ్యి వేసి నా కోసం ఆపాడు. నేను ఎక్కలేదు. కండక్టరు వస్తావా రావా అన్నాడు. రాననే తల ఊపాను.

బస్సు మలుపు తిరిగేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. అతను కావాలంటే అక్కడ దిగి వెనక్కి రావచ్చు. ఆ తర్వాత వచ్చిన బస్సు కూడా పోనిచ్చి, మలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.